పట్టనిది, అందనిది, ఒప్పుకోనిది: పన్నెండున్నర అంగుళాల థింక్‌ప్యాడ్ విప్పితే

కొత్త వైఫై కార్డు కొన్నారనుకుందాం. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్క్రూలు విప్పి, కీబోర్డు పైకి లేపి, పాత కార్డు తీసి దాని చోట కొత్తది పెట్టారు. స్లాట్‌లో చక్కగా కూర్చుంది. యాంటెన్నా తీగలు టక్కున పట్టుకున్నాయి. అన్నీ బిగించి స్విచ్ నొక్కితే నల్లటి తెర మీద 1802 అనే అంకె, దాని పక్కన ఒక హెచ్చరిక: అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు ఉంది, మెషీన్ ఆపి దాన్ని తీసేయండి. అక్కడితో సరి. విండోస్ రాదు, లినక్స్ రాదు. కార్డు పాడైపోలేదు, మీ చేతిపనిలోనూ లోపం లేదు. స్లాట్ ఒప్పుకున్నదాన్ని ఆ ల్యాప్‌టాప్ లోపలి చిన్న ప్రోగ్రాము ఒప్పుకోలేదు.

సొంతంగా ల్యాప్‌టాప్‌ను మెరుగుపరుచుకోవాలనుకునేవారు తికమకపడేది ఇక్కడే. దుకాణంలో అందరూ అడిగేది ఒకటే ప్రశ్న: “ఇది దీనికి పడుతుందా?” నిజానికి అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఆకారం పడుతుందా? పట్టినా, దానికి కావలసిన సిగ్నల్ ఆ చోటికి అందుతుందా? అందినా, ఫర్మ్‌వేర్, అంటే యంత్రం చిప్పులోనే రాసి ఉండే ఆ చిన్న ప్రోగ్రాము, ఒప్పుకుంటుందా? మొదటిది తేల్చడానికి స్కేలు చాలు. రెండోదానికి బోర్డు మీద తీగలు ఎటు పోతున్నాయో తెలియాలి. మూడోదానికి ఫర్మ్‌వేర్‌నే తిరగరాయాలి. ఒక అడ్డంకికి వేయాల్సిన మందు ఇంకోదానికి వేసి డబ్బు వదిలించుకున్నవారిలో నేనూ ఒకడిని.

ఈ మూడూ ఒకే పెట్టెలో కనిపించాలంటే లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్220, ఎక్స్230లు చక్కని ఉదాహరణలు. మొదటిది 2011లో ఇంటెల్ రెండో తరం కోర్ ప్రాసెసర్‌తో వచ్చింది, రెండోది 2012లో మూడో తరంతో. తెర పన్నెండున్నర అంగుళాలు. థింక్‌ప్యాడ్ పేరు 1992లో ఐబీఎం దగ్గర మొదలైంది, 2005లో ఆ వ్యాపారం లెనోవో చేతికి వచ్చింది. చేతులు మారినా, విప్పడానికి వీలుగా తయారుచేసే పాత అలవాటు ఈ రెండు మోడళ్ల దాకా నిలిచింది. ఏ భాగం తీయాలంటే ముందు ఏది తీయాలి, ఏ స్క్రూ ఎంత పొడవు, ఏ భాగానికి ఏ నంబరు అన్నీ వివరించే మరమ్మతు మాన్యువల్‌ను కంపెనీయే అందరికీ అందుబాటులో పెట్టింది. పైగా వీటిని ఎక్కువగా కొన్నది ఆఫీసులు. కాలం తీరాక అవన్నీ సెకండ్‌హ్యాండ్ బజారుకు చేరాయి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్ వంటి చోట్ల ఓపికగా తిరిగేవారికి ఇలాంటి యంత్రాలు, వాటి విడిభాగాలు ఎదురవుతూనే ఉంటాయి.

కొనేముందు ఒక మాట. వీటిలో ప్రాసెసర్ బోర్డుకు అతికించి ఉంటుంది, తర్వాత మార్చలేరు. మిగతావన్నీ మార్చుకోవచ్చు కాబట్టి, తెర గీతలు పడిందనో ర్యామ్ తక్కువుందనో బేరాన్ని వదులుకోకండి. ప్రాసెసర్ మోడల్, మూత కీళ్లు, బోర్డు ఆరోగ్యం చూసుకుంటే చాలు.

సులువైన పనులు

ర్యామ్ గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. రెండు స్లాట్లు, రెండూ డీడీఆర్3 అనే తరం మెమరీవి. కంపెనీ కాగితాల్లో 8 జీబీ వరకే అని రాసి ఉన్న చోట కూడా 16 జీబీ పనిచేస్తుంది, ఎందుకంటే మెమరీని నడిపే భాగం ప్రాసెసర్‌లోనే ఉంది, దాని హద్దు ఆ కాగితం హద్దు కంటే పెద్దది. ఒకే 8 జీబీ ముక్క కంటే రెండు 4 జీబీ ముక్కలు మేలు. గ్రాఫిక్స్‌కు వేరే మెమరీ లేక ఇదే ర్యామ్‌ను వాడుకుంటుంది కనుక రెండు దారులుంటే తేడా తెలుస్తుంది. డీడీఆర్4 ముక్కకు గాటు వేరే చోట ఉంటుంది, బలవంతపెడితే స్లాట్ విరగడం తప్ప లాభం లేదు.

డిస్కు దగ్గర మొదటి మెలిక వస్తుంది. ఈ ల్యాప్‌టాప్‌లలో డిస్కు అర ఎత్తు 7 మిల్లీమీటర్లే. చాలా పాత హార్డ్‌డిస్కులు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు ఉంటాయి, అవి దూరవు. ఇది అచ్చమైన “పట్టనిది”, ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తీర్చలేదు. సాధారణ రెండున్నర అంగుళాల ఎస్ఎస్‌డీలు ఎక్కువగా 7 మిల్లీమీటర్లే కాబట్టి సమస్య లేదు. ఇంకో ఎస్ఎస్‌డీ కూడా పెట్టుకోవచ్చని చాలామందికి తెలియదు. సిమ్‌కార్డు మోడెమ్ కోసం ఉంచిన స్లాట్‌లో ఎంసాటా అనే చిన్న కార్డు ఆకారపు ఎస్ఎస్‌డీ పనిచేస్తుంది. దాని కనెక్టరూ వైఫై స్లాట్ కనెక్టరూ ఒక తీరుగానే ఉన్నా, ఆ ఒక్కదానికే సాటా తీగలు (డిస్కుతో మాట్లాడే దారి) లాగి ఉన్నాయి. వైఫై కనెక్టర్‌కు ఎంసాటా తగిలించినా బొమ్మలా ఉంటుంది తప్ప యంత్రానికి కనిపించదు. కనెక్టర్ ఒకటే, అందేది వేరు.

ఇక్కడ వేగాన్ని కూడా గమనించాలి. పెద్ద అరలోని సాటా దారి సెకనుకు 6 గిగాబిట్లది, ఎంసాటా స్లాట్‌కు వచ్చేది 3 గిగాబిట్లదే. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న డిస్కును ఏ చోట పెట్టాలన్నది దీన్ని బట్టి తేల్చుకోండి. నేనైతే పెద్ద అరలోనే పెడతాను, ఫొటోలు, పాటలు ఎంసాటాలోకి పోతాయి.

పదేళ్లు దాటిన యంత్రం కనుక ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి దాని మీద రాసే థర్మల్ పేస్టు ఎండి సున్నంలా మారి ఉంటుంది. మూత తెరిచినప్పుడే దాన్ని తుడిచి కొత్తది రాసి, ఫ్యాన్ దుమ్ము దులపండి. ఇది అప్‌గ్రేడ్ కాదు, కానీ చాలామంది “స్లో అయిపోయింది” అని ల్యాప్‌టాప్‌ను తిట్టడానికి అసలు కారణం ఇదే.

ఒప్పుకోనిది

ఇప్పుడు ఆ 1802 దగ్గరకు వద్దాం. ఈ ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో, అంటే అన్నిటికంటే ముందు నడిచే ఫర్మ్‌వేర్‌లో, కొన్ని వైఫై కార్డుల గుర్తింపు సంఖ్యలతో ఒక జాబితా ఉంటుంది. స్విచ్ నొక్కగానే స్లాట్‌లో ఉన్న కార్డు ఆ జాబితాలో ఉందా అని చూస్తుంది, లేకపోతే ముందుకు పోనివ్వదు. రేడియో కార్డును, యాంటెన్నాను కలిపి నియంత్రణ సంస్థల అనుమతి తీసుకుంటాం కాబట్టి వేరే కార్డును ఒప్పుకోలేమన్నది తయారీదారులు సాధారణంగా చెప్పే కారణం. అందులో కొంత నిజముంది. అదే కంపెనీ తర్వాతి కాలపు మోడళ్లలో ఈ జాబితా లేకుండానే నెట్టుకొస్తోంది కనుక, ఆ నిజం ఎంతో నాకు అంత గట్టిగా అనిపించదు.

దీనికి దారులు మూడు. జాబితాలో ఉన్న కార్డునే వెతికి కొనడం మొదటిది, కాకపోతే అవన్నీ ఆ కాలపు కార్డులు. రెండోది, జాబితా తీసేసిన బయోస్‌ను ఎక్కించడం. ఎక్స్230లో పాత బయోస్ వెర్షన్లలోని ఒక లోపాన్ని వాడుకుని, ల్యాప్‌టాప్ విప్పకుండానే ఈ పని చేసే ఐవీరెయిన్ అనే ఉచిత సాధనం ఉంది. కొత్త వెర్షన్ ఉంటే ముందు వెనక్కి దిగాలి. మూడోది కోర్‌బూట్. 1999లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రాన్ మినిక్ లినక్స్‌బయోస్ పేరుతో మొదలుపెట్టిన స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఇది. కంపెనీ బయోస్ పూర్తిగా పోయి దాని స్థానంలో ఇది వస్తుంది. కంపెనీ బయోసే లేనప్పుడు దాని జాబితా కూడా ఉండదు.

కోర్‌బూట్ మొదటిసారి ఎక్కించాలంటే సాధారణంగా బయోస్ ఉండే ఫ్లాష్ చిప్పును బయటి నుంచి తిరగరాయాలి. అరచేతులు ఆనించే ప్లాస్టిక్ పలక తీస్తే, నల్లటి పొర కింద ఎనిమిది కాళ్ల చిప్పులు కనిపిస్తాయి. ఎక్స్220లో ఒకటి, 8 మెగాబైట్లది. ఎక్స్230లో రెండు, ఒకటి 8, ఇంకోటి 4, కలిపి 12 మెగాబైట్లు. వాటి కాళ్లను పట్టుకునే క్లిప్పు, ఒక ప్రోగ్రామర్ (చిప్పును చదివి రాసే చిన్న పరికరం) ఉంటే సోల్డరింగ్ అక్కర్లేదు. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీ వైపు ఇలాంటి సామాను అడగవచ్చు.

చౌకగా దొరికే సీహెచ్341ఏ ప్రోగ్రామర్‌తో ఒక చిక్కుంది. ఈ చిప్పులు 3.3 వోల్టులవి. దాని నల్ల బోర్డు రకం, చిప్పుకిచ్చే కరెంటు 3.3 వోల్టులే అయినా, డేటా తీగల మీద 5 వోల్టులు పంపుతుంది. చాలాసార్లు ఏమీ కాదు. కాని “చాలాసార్లు” అనేది బయోస్ చిప్పు విషయంలో నాకు నచ్చే మాట కాదు. రాస్ప్‌బెర్రీ పై ఉంటే అది మేలు, దాని పిన్నులు 3.3 వోల్టులవే.

తొందరపాటుకు ఇది చోటు కాదు. బ్యాటరీ, ఛార్జర్ రెండూ తీసేయాలి. రాయడానికి ముందు చిప్పును కనీసం రెండుసార్లు చదివి, ఆ రెండు ఫైళ్లు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా అని పోల్చాలి. నా మొదటి ప్రయత్నంలో రెండూ కలవలేదు. గంటసేపు ప్రోగ్రామర్‌ను అనుమానించాను. చివరికి చూస్తే క్లిప్పు ఒక కాలి మీద సరిగా కూర్చోలేదు. కలిసిన ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకోచోట ఒకటి దాచుకోవాలి, ఎందుకంటే ఆ చిప్పులో బయోస్ ఒక్కటే కాదు, మీ నెట్‌వర్క్ పోర్టు చిరునామా, ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ (ఇంటెల్ చిప్పుల్లో విడిగా నడిచే చిన్న కంప్యూటర్) ఫర్మ్‌వేర్ కూడా ఉంటాయి. ఆ ఇంజిన్ భాగాన్ని పూర్తిగా చెరిపేస్తే ల్యాప్‌టాప్ మామూలుగా లేచి, సరిగ్గా 30 నిమిషాలకు ఆగిపోతుంది. తెలియనివారు వేడి వల్లనో బ్యాటరీ వల్లనో అనుకుని తల బద్దలు కొట్టుకుంటారు.

కార్డు ఒప్పుకున్నాక కూడా ఇంకో రెండు ఉచ్చులున్నాయి. ఈ కాలపు కార్డులు ఎం.2 అనే కొత్త ఆకారంలో వస్తాయి, అడాప్టర్ కావాలి. వాటి యాంటెన్నా కొనలు పాత తీగల కొనల కంటే చిన్నవి, వాటికి మళ్లీ వేరే కన్వర్టర్. ఇంకోటి, ఇంటెల్ ఏఎక్స్200, ఏఎక్స్201 పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. 200 మాత్రమే సొంతంగా నిలబడే కార్డు. 201లో సగం పని కొత్త ఇంటెల్ ప్రాసెసర్ల లోపల జరగాలి, పాత యంత్రానికి అది ఎప్పటికీ కనిపించదు.

బయోస్ కాని ఇంకో కాపలాదారు

బయోస్ మార్చేశాం కదా, ఇక అన్నీ మన ఇష్టమే అనుకుంటే పొరపాటు. కీబోర్డును, ఫ్యాన్‌ను, దీపాలను, బ్యాటరీ ఛార్జింగ్‌ను చూసుకునేది ఎంబెడెడ్ కంట్రోలర్ అనే వేరే చిన్న చిప్పు. దానికి సొంత ఫర్మ్‌వేర్ ఉంది. కోర్‌బూట్ దాన్ని ముట్టుకోదు. ఎక్స్230లో అసలుది కాని బ్యాటరీ పెడితే ఛార్జ్ చేయనని చెప్పేది ఈ చిప్పే. ఎక్స్220కు ఆ పట్టింపు లేదు.

కీబోర్డు గొడవ కూడా దీనితోనే. ఎక్స్220లో ఏడు వరుసల పాత థింక్‌ప్యాడ్ కీబోర్డు ఉండేది. ఎక్స్230కు వచ్చేసరికి ఆరు వరుసల, విడివిడి మీటల కీబోర్డు పెట్టారు. టైపింగ్‌లో బతికేవారికి ఇది పెద్ద దెబ్బ. అదృష్టవశాత్తూ పాతది కొత్తదాని చట్రంలో దాదాపు సరిపోతుంది. అంచున చిన్న ప్లాస్టిక్ చెవులు అరగదీయాలి, కనెక్టర్‌లో కొన్ని పిన్నుల మీద టేపు వేయాలి, ఎందుకంటే కొత్త కీబోర్డు వెనుక వెలిగే దీపానికి వచ్చే కరెంటు పాతదానికి తగలకూడదు. అంతా చేశాక ఆన్ చేస్తే కొన్ని మీటలు ఇంకో పని చేస్తాయి, ఏ మీట ఎక్కడుందో కంట్రోలర్‌కు తెలియదు మరి. దాని ఫర్మ్‌వేర్‌ను మార్చాలి. మూడు అడ్డంకులూ ఒకే భాగంలో కలిసి వచ్చే ఉదాహరణ ఇదొక్కటే.

వరుస తప్పితే ఇబ్బంది ఇక్కడే. కంట్రోలర్ ఫర్మ్‌వేర్ మార్చే దారి కంపెనీ బయోస్ గుండా పోతుంది. ముందే కోర్‌బూట్ వేసేస్తే ఆ దారి మూసుకుపోతుంది, మళ్లీ క్లిప్పు పెట్టి పాత బయోస్ రాసి మొదటికి రావాలి. దాచుకున్న ఫైలు ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది. కంట్రోలర్ ముందు, కోర్‌బూట్ తర్వాత.

బ్యాటరీ లోపలి సెల్స్ మార్చుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. తొమ్మిది సెల్స్ బ్యాటరీలో ఉండేవి గుండ్రటి 18650 సెల్స్, మూడేసి చొప్పున మూడు జట్లు. పాతవి తీసి కొత్తవి వేయడం సులువుగానే కనిపిస్తుంది. కాని లోపలి బోర్డు తన లెక్కలన్నీ రాసుకుంటుంది. సెల్స్ విడదీసిన క్షణంలో కరెంటు పోతే ఏదో ప్రమాదం జరిగిందని నమ్మి శాశ్వతంగా తాళం వేసుకునే రకాలున్నాయి. అప్పుడు కొత్త సెల్స్ ఉన్నా బ్యాటరీ చచ్చినట్టే. పైగా లిథియం సెల్స్‌ను మామూలు సోల్డరింగ్ కడ్డీతో వేడిచేయడం నిప్పుతో చెలగాటం. నా సలహా సూటిగా: ఇది చేయకండి, మంచి బ్యాటరీ కొనండి.

అందనిది

ఈ ల్యాప్‌టాప్‌లకు ఎక్కువమంది కోరుకునే మార్పు తెర. 1366 అడ్డం, 768 నిలువు చుక్కల తెర ఇప్పటి కళ్లకు ఇరుకు. ఇందులో సులువైన మెట్టు ఒకటుంది. మామూలు టీఎన్ ప్యానెల్ బదులు, ఎక్స్220తో కొందరికి వచ్చిన ఐపీఎస్ ప్యానెల్ వేసుకోవచ్చు. ఎల్‌జీ తయారుచేసిన ఎల్‌పీ125డబ్ల్యూహెచ్2-ఎస్ఎల్‌బీ రకం అది. అదే కనెక్టర్, నాలుగు స్క్రూల పని. చుక్కల సంఖ్య పెరగదు, కాని పక్క నుంచి చూసినా రంగులు తిరగబడవు.

ఫుల్ హెచ్‌డీ కావాలంటే మాత్రం కథ మారుతుంది. “కేబుల్ మారిస్తే చాలదా?” అని అడుగుతారు. చాలదు. బోర్డు నుంచి తెరకు పోయే దారి ఎల్‌వీడీఎస్ అనే పాత పద్ధతిది, ఈ చిన్న బోర్డులో దానికి ఒక్క ఛానలే లాగారు. సెకనుకు అరవై బొమ్మల చొప్పున 1366×768 తెరకు సుమారు 70 మెగాహెర్ట్జ్ పైచిలుకు గడియారం (సిగ్నల్ వేగం) చాలు. 1920×1080కి దాదాపు 140 కావాలి. ఒక్క ఛానలు 112 దగ్గరే ఆగిపోతుంది. పెద్ద ల్యాప్‌టాప్‌లలో రెండు ఛానళ్లు ఉండి ఆ బరువును పంచుకుంటాయి. ఇక్కడ రెండోది లేనే లేదు. లేని తీగను ఏ ఫర్మ్‌వేర్ పుట్టిస్తుంది?

హాబీగా ఈ పని చేసేవాళ్లు వెతికిన ఉపాయం నాకు చాలా ఇష్టం. తెరకు తగినంత వేగం లేదు సరే, బోర్డు మీద ఇంకెక్కడైనా ఉందా అని చూశారు. ఉంది. డాకింగ్ స్టేషన్ (ల్యాప్‌టాప్‌ను కూర్చోబెట్టే అదనపు పోర్టుల పీఠం) కోసం అడుగున ఉన్న కనెక్టర్‌కు డిస్‌ప్లేపోర్ట్ (బయటి తెరకు బొమ్మ పంపే పద్ధతి) తీగలు పోతున్నాయి. కొత్త ప్యానెళ్లు మాట్లాడే ఈడీపీ కూడా డిస్‌ప్లేపోర్ట్ కుటుంబానిదే. అందుకని ఒక చిన్న బోర్డు తయారుచేసి, డాక్‌కు పోయే ఆ తీగలను మధ్యలో పట్టుకుని తెర వైపు మళ్లించారు. తర్వాతి మోడళ్ల కోసం వచ్చిన పన్నెండున్నర అంగుళాల ఫుల్ హెచ్‌డీ ప్యానెల్ దానికి తగిలిస్తారు. చెరువు కాలువ ఎండితే పక్క కాలువకు గండి కొట్టి నీళ్లు మళ్లించుకోవడం లాంటిది. మూల్యం ఏమిటంటే డాక్‌లోని డిస్‌ప్లేపోర్ట్ ఇక పనిచేయదు. ల్యాప్‌టాప్ పక్కన ఉన్న డిస్‌ప్లేపోర్ట్ అలాగే ఉంటుంది.

సోల్డరింగ్ మాత్రం సన్నని పని. బియ్యపుగింజ పక్కన ఆవగింజంత ఉండే భాగాల మీద తీగలు అతకాలి, భూతద్దం, సన్నని మొన ఉన్న కడ్డీ, వణకని చెయ్యి కావాలి. తీగ పొడవు కాస్త పెరిగినా తెర మిణుకుమంటుంది. మొదటిసారి చేసేవాళ్లు చచ్చిన బోర్డు మీద సాధన చేయకుండా దీనికి దిగకూడదు. కోర్‌బూట్ వేయాలనుకునేవారు గుర్తుంచుకోవాల్సిందింకొకటి: ఎక్స్230కి ఈ తెర మార్పు కోసమే అందులో వేరే రకం ఉంది, మామూలుది ఎక్కిస్తే అది లేని ఎల్‌వీడీఎస్ తెరను వెతుక్కుంటూ కూర్చుంటుంది.

ఇంత చేసినా దాటలేని గోడ ఒకటుంది. విండోస్ 11 కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్‌ను, టీపీఎం అనే భద్రతా చిప్పు 2.0 వెర్షన్‌ను అడుగుతుంది. వీటిలో ఉన్నది రెండో మూడో తరం, టీపీఎం 1.2. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. దొడ్డిదారులున్నా, ఈ యంత్రం మీద రోజువారీ పని చేయాలంటే లినక్స్‌కు అలవాటుపడటమే తెలివైన పని.

ఇప్పటి పల్చటి ల్యాప్‌టాప్‌లలో ఈ ప్రశ్నలు చాలావరకు పుట్టవు, ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి. దీన్ని పూర్తిగా దురుద్దేశం అనలేం. తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌పీడీడీఆర్ మెమరీకి తీగ చాలా పొట్టిగా ఉండాలి, పాత స్లాట్ ఆ దూరాన్ని ఇవ్వలేదు. ఆ చిక్కును విప్పడానికే ఎల్‌పీక్యామ్2 అనే కొత్త రకం మాడ్యూల్ వచ్చింది, 2024లో థింక్‌ప్యాడ్ పీ1లో కనిపించింది. 2021లో మొదలైన ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ అయితే మదర్‌బోర్డును కూడా విడిగా అమ్ముతోంది.

మదర్‌బోర్డు మార్పిడి కొందరు హాబీవాళ్లు సొంతంగా అంతకు ముందే చేసి చూపించారు. 51ఎన్‌బీ అనే చైనా ఔత్సాహికుల బృందం, ఎక్స్220 కంటే ముందు తరం ఎక్స్200, ఎక్స్201ల పెట్టెలో సరిపోయేలా ఎక్స్210 అనే కొత్త మదర్‌బోర్డును చేసింది, అందులో ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్. స్లాట్లు, తీగలు, ఫర్మ్‌వేర్ అన్నీ కొత్తవే కనుక పట్టనిది, అందనిది, ఒప్పుకోనిది అన్న పేచీలన్నీ ఒక్క దెబ్బతో పోయాయి. వాళ్లు మార్చకుండా ఉంచింది బయటి డొక్కును, ఆ ఏడు వరుసల కీబోర్డును.